నదీమ్ రాసిన రెండు మాటలు

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. చెన్నూరు నదీమ్ ముచ్చట చెబుతాను.

నదీమ్ మాంసం కొట్టు ఫజలుద్దీన్ కొడుకు. పేపరుకు వార్తలు పంపేవాడు. ఊళ్ళో ఏం జరిగినా ఫోనులో టైపు చేసి, కరీంనగర్ ఆఫీసులో వార్తలు దిద్దే హరీష్‌కు పంపాలి. అక్కడ సాదా మాట చెల్లదు. దొంగ అని పంపితే కేటుగాడు అవుతాడు. మొగుడు కొట్టాడంటే కిరాతక భర్త. ఆడమనిషి మోసం చేస్తే కిలాడీ లేడీ. "ఉప్పులేని కూర పంపకు తమ్మీ" అనేవాడు హరీష్. అదే వంట వండీ వండీ నదీమ్ చేతికే అలవాటైపోయింది. ఒక అక్షరం నొక్కితే మిగతా మాట ఫోనే అందించేది.

శ్రావణంలో ఒక సాయంత్రం బస్టాండు బల్ల మీద పసిపాప ఒక్కతే ఏడుస్తోందని కబురొచ్చింది. నదీమ్ పోయేసరికి పోలీసులు పాపను ఎత్తుకుపోతున్నారు. తల్లి ఎవరో, ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఆఫీసులో పేజీ మూసే వేళయింది. 'క' నొక్కాడు. 'కసాయి తల్లి' అని ఫోను ముందు పెట్టింది. పంపేశాడు.

తెల్లారి పేపరు వచ్చాక అసలు సంగతి తెలిసింది. ఆ తల్లి పేరు దీపిక. పెనిమిటి లక్ష్మణ్ దుబాయిలో ఉంటాడు. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, పాపను పక్కనున్న ముసలామెకు అప్పజెప్పి మందులకని పోయి, దారిలోనే పడిపోయింది. ఎవరో దవాఖానలో చేర్చారు. ముసలామె తన బస్సు రాగానే ఎక్కిపోయింది. పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ళు విచారించి తేల్చేదాకా పాప మంచిర్యాల శిశుగృహలోనే ఉండాలన్నారు. వాళ్ళూ ఆ పేపరు చదివారు మరి.

దీపిక అత్త ఐలవ్వ నేరుగా మాంసం కొట్టుకు వచ్చింది.

"పేపరాయనవు నువ్వేనా?"

"నేనే అవ్వా."

"నా కోడలు ఎసొంటిదో ఒక్క మాట అడగకపోతివి. పాలు గడ్డగట్టి రాత్రంత మూలుగుతున్నది అది. పాపను నువ్వే ఇప్పియ్యాలె."

ఫజలుద్దీన్ కత్తి తుడుస్తూ కొడుకు వైపు చూశాడు.

"ఎన్నేండ్ల సంది నేను కసాయినే బేటా. నువ్వు చిన్నగున్నప్పుడు నీ పాలకోసం ఇల్లిల్లు తిరిగిన. గా మాట ఎవలను జూసి రాసినవ్?"

నదీమ్ బయటికి పోయి హరీష్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, తప్పు వడ్డది. సవరణ ఏద్దాం."

"పోలీసులు చెప్పిండ్రా గా మాట?"

"వాళ్ళు చెప్పలే. నేనే రాసిన."

"అయితే సప్పుడు జెయ్యకు. సవరణ ఏస్తే ముందు నీ ప్రెస్ కార్డు పోతది. రేపింకో వార్త అస్తది, అందరు మరుస్తరు."

ఆ కార్డు పోతే నదీమ్‌కు వేరే పని లేదు. ఊరుకుంటే పాప రాదు. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

కమిటీ కూర్చున్న రోజు మంచిర్యాల పోయాడు.

"ఈ మాట మీకెవరు చెప్పారు?" అని కమిటీ మేడం అడిగింది.

"ఎవ్వలు చెప్పలే మేడం. తల్లి పేరు తెల్వకముందే రాసిన."

దవాఖాన డాక్టరు చెప్పిందీ ఇతను చెప్పిందీ కలిపి చూసి, పాపను దీపిక ఒళ్ళో పెట్టారు. కబురు అప్పుడే అందినట్టుంది, ఇంకా మెట్లు దిగకముందే హరీష్ ఫోను: "కార్డు పంపియ్."

దీపిక వాళ్ళూ నదీమూ ఒకే బస్సులో వెనక్కి బయలుదేరారు. ముందు సీటులో ఒకామె పక్కామెను గిల్లింది.

"గామెనే గదా, బస్టాండ్ల పిల్లను ఇడిసిపెట్టిన కసాయి తల్లి."

దీపిక పాప మీదికి కొంగు లాక్కుంది. నదీమ్ లేచి నిలబడ్డాడు.

"కాదక్కా. ఆమెకు జరం అచ్చి పడిపోయింది. అది రాసినోన్ని నేనే, తప్పు రాసిన."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "పేపర్ల వడ్డది గదయ్యా. నువ్వు కాదంటే అయితదా?"

పక్కామె అవునన్నట్టు తలాడించింది. దీపిక చెన్నూరు వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఈ రోజుకీ ఆమె బస్టాండుకు పోదు. ఊరి బయట రోడ్డు మీదే నిలబడి బస్సు ఎక్కుతుంది.

ఇది యాదిలో పెట్టుకో బిడ్డా. ఎక్కడన్నా ఆ మాట నీ చెవిన పడితే, దీపికకు జ్వరం వచ్చి పడిపోయిందని ఉన్నదున్నట్టు చెప్పు. పేపరు చదివినవాళ్ళు చాలామంది. చెప్పేవాళ్ళమే తక్కువ.