ఆరని బెంచీ

నీళ్ల తొట్టి వెనక ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు నాని, బూడిద రంగుకు తిరిగిన బెంచీని జ్ఞానమణి టీచర్ ఒక్కతే ముందు వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. "పొయ్యిలకు పనికొస్తది, తీస్కోమ్మా" అని ఇచ్చాడు ఇంటి యజమాని యెషయా. ఆమె తీసుకున్నది పొయ్యిలోకి కాదు.

సైనిక్‌పురిలో ఆ అద్దె వాటాలో ఆమె ఒంటరిగా ఉంటుంది. బళ్లో పిల్లల ముందు తప్ప పదిమందిలో నోరు పెగలదు. చర్చి స్త్రీల సమాజం నెలనెలా కూడుకునే బన్సీలాల్‌పేట్ ఇల్లు ఇరుకైపోయిందని, ఇంకో చోటు చూడాలని మాట వచ్చినప్పుడు, "మా వాకిలి ఉన్నది" అన్న గొంతు తనదేనని గుర్తుపట్టడానికి ఆమెకే కాస్త సేపు పట్టింది. ఆదివారం ఆరాధన కాగానే వచ్చి చూస్తామన్నారు. సమాజానికి పెద్ద కాంతమణమ్మ. ఆవిడ సరేనంటే సరే, కాదంటే కాదు.

ఎవరూ తొక్కని తన గడప దాటి వాళ్లంతా రావాలని తాను ఇంతగా కోరుకుంటున్నట్టు ఆమెకు అప్పటిదాకా తెలియదు.

బడి నుంచి వచ్చీ రాగానే కొంగు దోపి గరుకు కాగితం పట్టేది. బూడిద పొర కింద ఒకచోట, బొటనవేలంత మేర, తేనె రంగు బయటపడింది. ఎవరి మనసులోకో అడగకుండా తొంగిచూసినట్టనిపించి చెయ్యి వెనక్కి తీసుకుంది. మరుక్షణం రెట్టింపు జోరుతో రుద్దింది. చారలు ఒక్కొక్కటే పైకి తేలాయి. టేకు! పొయ్యి మీద అన్నం మాడు వాసన వస్తున్నా లేవబుద్ధి కాలేదు.

పక్కింటి పుష్పమ్మ గోడ మీంచి చూసి, "ఏంది టీచరమ్మా, నలుగు పెట్టుడు అయిపాయెనా? పెండ్లెప్పుడు?" అంది.

"ఆదివారమే" అంది జ్ఞానమణి. తనకు ఎకసెక్కాలాడటం వచ్చునా అని విస్తుపోయింది కూడా.

అవిసె నూనె గుడ్డతో పట్టించగానే చెక్క లోపలి నుంచి వెలిగినట్టయింది. శనివారానికి బాగానే ఆరింది. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ, ఇంకాస్త మెరిస్తే ఎంత బాగుంటుందోనని మరోసారి దట్టంగా పూసింది. ఎండకు ఇట్టే ఆరిపోతుందనుకుంది. ఆరాధన సాగినంతసేపూ కిటికీలోంచి మబ్బులే కనిపించాయి.

అది నెలలో మొదటి ఆదివారం, ప్రభు భోజనం తీసుకునే రోజు. అందరూ తెల్లచీరల్లో ఉన్నారు. అట్లాగే నేరుగా ఆమె ఇంటికి వచ్చారు.

"అబ్బ, ఎంత సక్కగున్నది" అంటూ కాంతమణమ్మ మోకాళ్లు పట్టుకుని బెంచీ మీద కూర్చోబోయింది.

"ఆగుండ్రి! కూసోకుండ్రి."

పిల్లల్ని అదిలించే గొంతు అది. కాంతమణమ్మ సగం వంగి అట్లాగే నిలిచిపోయింది.

"ఏందమ్మా, పిలిచి కూసోవద్దంటవ్?"

"నూనె ఆరలేదమ్మా. పొద్దుగాల మల్లోసారి రాసిన."

"మేం వస్తమని ఎరికె కదా. ఎందుకు రాసినవ్?"

"మనం కూసునేటందుకా అక్కా ఇది? మనకు చూపెట్టి మురవనీకి" అంది దేవమ్మ. ఆవిడ నోటికి సమాజంలో అందరూ జంకుతారు.

జ్ఞానమణికి ఆ మాట సూటిగా దిగింది. నిజమే, ఎందుకు రాసింది? మెరుపు కోసమేనా? ఎవరూ కూర్చోకుండా కాపాడుకోవాలనుకున్నది కూడా తనలోనే ఎక్కడో ఉందా? రమ్మన్నదీ తనే, దూరం పెట్టిందీ తనే.

"అవునక్కా, మురవనీకే" అంది.

అంతే, కట్ట తెగింది. బూడిద పొర సంగతి, మొదట కనిపించిన తేనె రంగు సంగతి, చారకు అడ్డంగా రుద్దితే గీతలు పడతాయన్న సంగతి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. వాళ్లు నిలబడే విన్నారు. దేవమ్మ వేలితో చెక్కను తాకి వాసన చూసింది.

"వీపు ఆనే పలకలు ఎట్ల వంపు తిరిగినయో చూడుండ్రి. ఇట్ల ఆనుకుంటే..." అంటూ జ్ఞానమణి కూర్చుంది.

కూర్చున్నాక గాని తెలియలేదు. లేవబోతే చీర పట్టి లాగింది. వీపు వైపు తెల్లచీరంతా గోధుమ రంగు పట్టీలు.

దేవమ్మ ఆ పట్టీలను చూసి, "జూపార్కుల చారల గుర్రం తీరుగున్నవ్" అంది. కాంతమణమ్మ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. జ్ఞానమణి మెడ తిప్పి తన వీపు చూసుకోబోయి, కనిపించక గిరగిరా తిరిగి, తనూ పొట్ట పట్టుకుని నవ్వింది.

"వచ్చే నెల ఇక్కడనే పెడదం" అంది కాంతమణమ్మ కళ్లు తుడుచుకుంటూ. "గని ఆ నూనె సీస ఇటియ్యి. అందాక నా దగ్గర్నే ఉంటది."

జ్ఞానమణి లోపలికి పరిగెత్తింది. సీసా చేతికి తీసుకుని, తన వాకిట్లోంచి వస్తున్న ఆ కలకలాన్ని తలుపు చాటున నిలబడి ఒక్క క్షణం విని, బయటికి నడిచింది.