ఎనిమిది తొనలు

మంచి కబురు వచ్చేసరికి అతను రెండో వరుసలో మూడో బోను కడుగుతున్నాడు. మోచేతుల దాకా సబ్బునురగ. పాత రంపపు పొట్టు ఒక తట్టలో, కొత్తది ఇంకో తట్టలో. ఆ బోనులో ఉండే తెల్ల ఎలుక కాసేపటికని పెట్టిన డబ్బాలో కూర్చుని, ముందుకాళ్ళు రెంటితో మూతి తుడుచుకుంటోంది, పెళ్ళికి బయల్దేరేముందు అద్దం దగ్గర్నుంచి కదలని మనిషిలా. అది చూసి అతనికి రోజూ వచ్చే చిన్న నవ్వు ఆవేళ కూడా వచ్చింది.

అంతలో తలుపు దభాలున తెరుచుకుంది. పరిశోధన చేసే అమ్మాయి, చెప్పులు బయట విడవడం కూడా మరిచిపోయి, చేతిలో కాగితం ఊపుకుంటూ వచ్చేసింది.

"బాబాయ్! అయిపోయింది! గెలిచేశాం బాబాయ్!"

"ఎవరిమీదమ్మా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. పెళ్ళై రెండు నెలలు. ఈమధ్య ఆమెకి దేనికైనా నవ్వొస్తుంది. మొగుడు టీలో చక్కెరనుకుని ఉప్పు వేశాడట, ఏమీ అనకుండా కప్పు ఖాళీ చేసిందట. ఆ సంగతి ఈ గదిలో అతనికి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అతను కొత్తగా విన్నట్టే విన్నాడు.

"నెత్తురు పరీక్షల ఫలితాలొచ్చాయి. రెండో వరుసకి ఏమీ కాలేదు బాబాయ్! మందు ఒక్కటే తిన్నా కాలేయాలు నిక్షేపంలా ఉన్నాయి. మందు కంపెనీ వాళ్ళు పొద్దున్నే ఫోన్ చేసి సార్‌ని నెత్తిన పెట్టుకున్నారు. నాకు వాళ్ళ దగ్గరే ఉద్యోగమట!"

ఆ గదిలో నాలుగు వరుసలు, వరుసకి ఎనిమిది బోనులు. మొదటి వరుసకి ఉత్త నీళ్ళు. రెండో వరుసకి మనిషి దిగులు పోగొట్టే మందు. మూడో వరుసకి ఆ మందూ, దానితోపాటు యాంటీ ఆక్సిడెంట్ అని పిలిచే పసుపుపచ్చటి పొడీ. నాలుగో వరుసకి పొడి ఒక్కటే. దిగులు మందు ఎక్కువకాలం వాడితే కాలేయం పాడవుతుందా, పాడైతే ఆ పొడి కాపాడుతుందా అన్నది తేల్చుకోవడానికి మూడు నెలలుగా ఈ తతంగం.

"ఎనిమిదీ బాగున్నాయా అమ్మా?" అన్నాడతను.

"ఏడోది తప్ప. దాని అంకెలు ఆకాశంలో ఉన్నాయి. సార్ తీసేయమన్నారు. ఎనిమిదింట్లో ఒకటి తేడాగా ఉంటే అది దాని ఖర్మ, మందు తప్పు కాదన్నారు."

అతను తడి చేతులతోనే నాలుగడుగులు వేసి ఏడో బోనుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ బోనులో నిన్న సాయంత్రం తను పెట్టిన కమలాతొన పెట్టినట్టే ఉంది. రోజూ ఆ అమ్మాయి రాకముందే తీసేస్తాడు. ఇవాళ ఆమె పెందలాడే వచ్చింది. ఆమె చూడలేదు. అతని జేబులో ఒక చాక్లెట్ వేసి, "మీ ఆవిడకి కూడా" అని ఇంకొకటి వేసి, వచ్చినంత జోరుగానే వెళ్ళిపోయింది.

అతను మూడో బోను తుడిచి ఎలుకని లోపల వదిలాడు. అది కొత్త పొట్టులో మునిగి తోక ఒక్కటే బయట పెట్టింది. ఈసారి అతనికి నవ్వు రాలేదు.

ముప్పై ఏళ్ళుగా అతని బతుకు ఈ గదిలోనే తెల్లవారి ఈ గదిలోనే పొద్దుగూకుతోంది. కాలేజీ అంతా అతన్ని ఎలుకల బాబాయ్ అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా లేదు. పొట్టిమనిషి. కడిగి కడిగి వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి ఉంటాయి. బోను తలుపు తీసేటప్పుడు గొంతు సవరించుకుంటాడు, పరాయి ఇంట్లోకి వెళ్ళే మనిషిలా.

మూడేళ్ళ కిందట ఒక ఉదయం, ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవడం మరిచి, గడపమీద మధ్యాహ్నం దాకా కూర్చుండిపోయాడు. ఎవరూ పోలేదు. ఇల్లు కాలలేదు. "నీకేం లోటయ్యా, రాయిలాంటి ఒళ్ళు, రత్నంలాంటి పెళ్ళాం" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. కష్టం వచ్చి ఏడ్చేవాడికి ఓదార్పు దొరుకుతుంది. కారణం లేని దిగులుకి దొరికేవి ప్రశ్నలే. చివరికి భార్య రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు ఒక గోళీ రాశాడు. నిజం చెప్పుకోవాలంటే, ఆ గోళీ పనిచేసింది. నెలన్నర తిరిగేసరికి అతను రెండో చెప్పు వేసుకున్నాడు. భార్య వేసే వేళాకోళాలు మళ్ళీ చెవికెక్కాయి. ఆ గోళీ లేకపోతే తను ఏ గడపమీద ఉండేవాడో అతనికి తెలుసు.

కాకపోతే నోట్లో ఇసుక పోసినట్టుండేది. చేతులు సన్నగా వణికేవి. ఏడాదిగా కాలేయం అంకెలు నెలకొక మెట్టు ఎక్కుతున్నాయి. భార్య మాత్రం అడిగినవాళ్ళందరికీ అవి బీపీ గోళీలని చెప్పేది. రోజూ అన్నం డబ్బాతోపాటు రెండు కమలాపళ్ళు పెట్టేది.

"నోరు తడుస్తుంది, డాక్టరు కూడా పళ్ళు తినమన్నాడుగా. ఎవరికైనా పెట్టావో, చూడు మరి! నీ చెయ్యి అసలే ధర్మసత్రం."

ఈ పరీక్ష మొదలైన కొత్తలో, మందు డబ్బా మీద పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. జేబులోంచి తన గోళీల అట్ట తీసి పక్కన పెట్టుకుని చూశాడు. అక్షరం తేడా లేదు. ఆ రోజునుంచి రెండో వరుస అతనికి చుట్టాలవరస అయింది. నెల తిరిగేసరికి వాటి బొచ్చు మెరుపు తగ్గి చీపురులా లేచింది. కన్నుల్లో చురుకు పోయింది. మూడో వరుసలోవి మాత్రం పొడి తిని నిగనిగలాడుతున్నాయి.

ఆ పొడి ఏమిటమ్మా అని అడిగితే, "ఇనుముకి పట్టినట్టు ఒంటికీ తుప్పు పడుతుంది బాబాయ్. దాన్ని ఆపేదిది. పళ్ళల్లో ఉండేదే" అని చెప్పింది ఆ అమ్మాయి.

పళ్ళల్లో ఉండేదేనా! అతని తల్లి నలుగురికి వడ్డించేటప్పుడు ఒక మాట అనేది, పంక్తిభేదం చూపిన చెయ్యి పుచ్చిపోతుందని. ఒకే గది, ఒకే మందు. ఒక వరుసకి విరుగుడు పెట్టి, ఒక వరుసని చూస్తూ కూర్చోబెట్టడమేమిటి? ఆ సాయంత్రం ఆ అమ్మాయి వెళ్ళాక కమలాపండు ఒలిచాడు. గదంతా ఒక్కసారి ఘుమ్మంది. ఎనిమిది తొనలు, ఎనిమిది బోనులు. మిగిలినవి తను తిన్నాడు. పది రోజులకి వాటి ఒంట్లో మెరుపు కనబడేసరికి, అతని కడుపు నిండిపోయింది. రెండో పండు కూడా వాటికే పెట్టాడు. "పళ్ళు తిన్నావా?" అని భార్య అడిగితే "తిన్నా" అన్నాడు. యాభై రోజులు అలాగే అన్నాడు.

ఏడోది మాత్రం ముట్టలేదు. ఎడమచెవి కొస తెగిన పెంకిఘటం. తొన పెట్టగానే వాసన చూసి, వీపు తిప్పుకుని, మూలకి పోయి కూర్చునేది. "తినవే తల్లీ, నీ మంచికే" అని రోజూ బతిమాలేవాడు.

మధ్యాహ్నం అన్నం వేళకి, వీధి చివరి ఆస్పత్రికి వెళ్ళాడు. నెలకోసారి వెళ్ళాలి. డాక్టరు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు.

"ఇంకా పెరిగింది. తాగుతారా?"

"లేదండి."

"ఎప్పుడైనా? పండక్కీ పబ్బానికీ?"

"ముట్టనండి."

"అందరూ ఇదే మాట చెబుతారు లెండి. సరే, పోయిన నెల చెప్పానుగా. మీ కాలేజీలో ఏదో పరీక్ష జరుగుతోంది, ఈ మందుకి విరుగుడు కావాలని తేలితే ఆ గోళీ కూడా రాస్తాను, రెండూ కలిపి వాడుకుందురు అని."

"ఫలితం వచ్చిందండి," అన్నాడతను. తన గది సంగతి తనకంటే ముందు ఇంకెవరు చెబుతారన్న చిన్న గర్వం ఆ మాటలో దొర్లింది. "ఇవాళ పొద్దున్నే. మందువల్ల ఏమీ కాదట. విరుగుడు అక్కర్లేదట."

డాక్టరు ముఖం విప్పారింది. "చూశారా! నేననుకుంటూనే ఉన్నాను. అయితే లోపం మందులో లేదు, మీలోనే ఉంది. మీ ఒంటికి ఇది పడదు. ఆపేద్దాం. ఒక్కసారిగా మానకూడదు, రేపటినుంచి సగం గోళీ."

"ఆపితే, ఆ దిగులు మళ్ళీ..."

"మనసు గట్టిచేసుకోవాలి. ఊరికే దిగులుపడితే ఎలా?"

వీధిలో ఎండ కరకరలాడుతోంది. అతను నీడ చూసుకోకుండా నడిచాడు. తను ఏమి చెప్పాడో సగం దారిలో అర్థమైంది. అక్కడే ఒక మూసిన దుకాణం అరుగుమీద కూర్చుండిపోయాడు. కూర్చున్నది గడపలాంటి చోటని గుర్తుకొచ్చి, దిగ్గున లేచాడు.

గదికి వచ్చేసరికి ఆ అమ్మాయి బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటూ నవ్వుతోంది. "బాబాయ్, కొత్తింటి కిటికీలకి ఆకుపచ్చ తెరలు బావుంటాయా, నీలమా? ఆయన నీలం అంటారు. ఆయనకి చక్కెరకీ ఉప్పుకీ తేడా తెలీదు, రంగులేం తెలుస్తాయి!"

అతను ఏడో బోను దగ్గరికి వెళ్ళాడు. ఎలుక పక్కకి ఒరిగి ఉంది. గొంతు సవరించుకుని తలుపు తీసి, వేలు దాని పొట్టకింద పెట్టాడు. వెచ్చదనం ఇంకా పోలేదు. ఊపిరి లేదు.

"అమ్మా, ఒక సంగతి చెప్పాలి. రెండో వరుసకి నేను రోజూ కమలాతొనలు పెడుతున్నాను. అరవై రోజులైంది."

స్విచ్చు ఆపాక కూడా తిరిగే ఫ్యానులా, ఆమె ముఖంమీద నవ్వు ఇంకాసేపు ఉండి ఆగిపోయింది.

"ఎందుకు?"

"మూడో వరుసకి పెట్టి వీటికి పెట్టకపోతే పంక్తిభేదం కదమ్మా."

"అది పంక్తి కాదు బాబాయ్, పరీక్ష!"

"ఏడోది తినలేదు. ఒక్కరోజు కూడా ముట్టలేదు." అరచేయి చాపి చూపించాడు. "ఇప్పుడే పోయింది."

ఆమె చదువుకున్నది. ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేదు. మిగతా ఏడు బోనులకేసి చూసింది, అతని అరచేతికేసి చూసింది, పొద్దున తెచ్చిన కాగితంకేసి చూసింది. మూడేళ్ళ చదువు, ఉద్యోగం, కొత్తిల్లు, దాని కిటికీలు. గొంతు తగ్గించి అంది.

"బాబాయ్. మీరు నాకేం చెప్పలేదు. నేనేం వినలేదు."

"నేనూ ఆ మందే వేసుకుంటున్నానమ్మా. మూడేళ్ళుగా."

అప్పుడు మొదటిసారి ఆమె అతని చేతుల వణుకు చూసింది. ఆమె చెడ్డది కాదు. ఏదో అనబోయింది కూడా. అంతలో వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది.

"ఏమయ్యా ఎలుకల బాబాయ్! నీ సంతానమంతా పాసైపోయిందటగా!" ప్రొఫెసరు గుమ్మంలోనే ఆగి నవ్వాడు.

"ఏడోది పోయిందండి."

"లెక్కలోంచి ఎప్పుడో పోయిందిగా అది. ఒక పని తగ్గింది." చేతి గడియారం చూసుకున్నాడు. "రేపు పొద్దున్న తొమ్మిదింటికి మిగతా ముప్పై ఒకటీ ముగించేద్దాం. కోసి, కాలేయాల ఫోటోలు తియ్యాలి. నువ్వు ఎనిమిదికల్లా వచ్చి బల్లలు కడిగి ఉంచు. బోనులు కూడా శుభ్రంగా. మధ్యాహ్నానికి కొత్త ఎలుకలొస్తాయి."

అతను ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెడుతోంది. నాలుగు మడతలు అయ్యాక ఐదోది పెట్టడానికి వేళ్ళతో గట్టిగా నొక్కుతోంది.

"అలాగేనండి," అన్నాడతను.

ఎలుకని పాత కాగితంలో చుట్టి, రెండు చివరలూ లోపలికి దోపి, తీసుకెళ్ళాడు. బయట మోటారుసైకిల్ హారన్ రెండుసార్లు మోగింది. ఆ అమ్మాయి తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఆగి, వెళ్ళిపోయింది.

ఏడో బోను తలుపు తెరిచే ఉంది. రంపపు పొట్టు మీద నిన్నటి కమలాతొన, పైన చిన్న పంటిగాటైనా లేకుండా, ముడుచుకుని ఎండిపోతోంది.