ఎండ తగలని రంగు

"పట్టింది! సందీప్, రంగు పట్టింది!" బాత్రూంలోంచే అరిచాను.

నా ఎడమ పాదం మీద తెల్లమచ్చ ఉంది. రాత్రి దాని అంచున పెసరగింజంత మేర లోషన్ రాసి పడుకున్నాను. తెల్లారేసరికి ఆ చోటు నా చామనచాయలో కలిసిపోయింది.

సందీప్ నోట్లో బ్రష్షుతోనే వంగాడు. "ఏడ రాసినవ్?"

"వెతుక్కో."

పెళ్ళయి నలభై రోజులు. నురగ మూతితో ఆయన నా కాలంతా వెతుకుతుంటే నవ్వాగలేదు.

ఎండలో తిరగకుండానే ఎండ రంగు తెచ్చే సీసా అది. విదేశాల్లో తెల్లపిల్లలు సోకు కోసం రాసుకుంటారట. నాకు చర్మం డాక్టరమ్మ చెప్పింది. మచ్చ సంగతి సందీప్‌కు పెళ్ళికి ముందే తెలుసు. "అమ్మకు మెల్లగ చెప్దాం" అన్నాడు. చెప్పలేదు. ఇంట్లోనూ సాక్సులతోనే తిరుగుతున్నాను. "చలికి ఆగది పిల్ల" అని అత్తమ్మ జాలిపడుతుంది.

మర్నాడు మాహూర్ ప్రయాణం. అక్కడ రేణుకాదేవి గుడి మెట్లు వట్టి కాళ్ళతో ఎక్కాలి. అందుకే ఆ ఉదయం పది గంటలకు మచ్చంతా లోషన్ రాసుకున్నాను. తడి ఆరకముందే పిలుపు వచ్చింది.

"అనుపమా, ఇటు రా బిడ్డా. జీపు రేపు నాలుగింటికే అస్తది, పసుపు ఇయ్యాల్నే పెడ్త."

మాహూర్ పోయేముందు కొత్త కోడలి కాళ్ళకు అత్త పసుపు పెట్టడం ఈ ఇంటి ఆనవాయితీ. కాదనలేకపోయాను. కళ్ళద్దాలు లేకుండా, దేవుడి గది మసక వెలుతురులో, ఆమె ముద్ద పసుపు నా పాదాలకు మెత్తగా రుద్దింది. ఆ చేతులతోనే గడపకూ రాసింది. కడుక్కోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం ఆమె ఏడుపు వినిపించింది. పసుపు పోయింది కానీ అరచేతులు మచ్చలు మచ్చలుగా గోధుమరంగు తిరిగాయి. నిమ్మచెక్కతో తోముతోంది.

"ఇదేం రోగమో! ఈ చేతులతోని అమ్మవారికి ఒడిబియ్యం ఎట్ల పొయ్యాలె? నేను రాను, మీరు పోయి రాండ్రి."

మామయ్య అనంతరాములు చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. "దవాఖానకు నడువు ముందుగాల."

సందీప్ నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను వెళ్ళి సీసా తెచ్చి ఆమె ఎదుట పెట్టాను. సాక్సు విప్పాను. ఆమె చెయ్యి తుడిచినచోట రంగు పట్టక, మచ్చ తెల్లగానే ఉంది.

"రోగం కాదత్తమ్మా. నా కాలి రంగే మీకంటింది. వారంల పోతది."

అత్తమ్మ నిమ్మచెక్క కింద పెట్టింది.

"సందీప్‌కు ఎరికేనా?"

"పెండ్లికి ముందటి సంది."

"అంటే నాకే దాసిండ్రు." వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నం ఎవరికి వాళ్ళమే పెట్టుకున్నాం. పొద్దున్నటి నవ్వు తలుచుకుంటే సిగ్గేసింది.

పక్కలు వేస్తుండగా ఆమె గొంతు వినిపించింది, ముఖం మాత్రం అటే తిప్పి ఉంది. "రేపు మెట్ల మీద సాక్సులు ఇప్పకు. మా నిజామాబాద్ అక్క గూడ అస్తది, జూస్తది."

ఏడుపొచ్చింది. అయినా చెప్పాను.

"ఇప్పుత, అత్తమ్మా. రేపు రంగు లేకుంట, వట్టి కాళ్ళతోనే ఎక్కుత."