పసుపు టేపు లోపల

కోదండరామన్ డిస్కును ఎప్పుడూ అంచులతోనే పట్టుకుంటాడు, నూనెలోంచి అప్పుడే తీసిన అప్పడాన్ని పట్టుకున్నట్టు. ఒకసారి నోటి ఆవిరి ఊది, పాత పంచె పీలికతో నడుమ నుంచి బయటికి తుడిచి, వెలుతురులో తిప్పి చూసి, తృప్తి కలిగితేనే యంత్రంలోకి తోస్తాడు. కినత్తుకడవు బస్టాండు ఎదుటి స్టూడియోలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయనది ఇదే బల్ల, ఇదే ముక్కాలిపీట. రేపటి నుంచి ఆ బల్ల మీదికి కప్పుల మీద ఫోటోలు అచ్చువేసే యంత్రం వస్తుంది. "డిస్కు అడిగేవాళ్ళు నెలకొకరు కూడా లేరన్నా" అని ఓనరు ఆనంద్‌కుమార్ పోయిన వారం నేల చూస్తూ చెప్పాడు. కోదండరామన్ తల ఊపాడు. తమ్ముడి కొబ్బరితోటలో మోటారు చూసుకోవడానికి ఎలాగూ ఒక మనిషి కావాలి.

పదకొండు గంటలకు చారులత వచ్చింది. పెళ్ళయి ఇరవై రోజులు. మెడలోని తాడు ఇంకా పచ్చగా మెరుస్తోంది. వెనకాలే ఆమె భర్త నరేన్, లాప్‌టాప్‌ను చంటిబిడ్డలా ఎత్తుకుని. ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచి వచ్చారు. బయట వానా లేదు, ఎండా లేదు.

"మామా, టీవీలో వేసేదానికి డిస్కు కావల్ల. సాయంత్రం అయిదింటి బస్సుకు దిండిగల్ పోతాము," అంది చారులత.

ఆమె అవ్వ చెల్లమ్మాళ్ తుంటి విరిగి ఈ ఊళ్ళోనే మంచంలో ఉంది; పెళ్ళికి రాలేకపోయింది. ఆమె కోసం నరేన్ పెళ్ళి ఫోటోలన్నీ స్లైడ్‌షోగా పేర్చి, కోయంబత్తూరులో తెలిసినవాళ్ళ చేత డిస్కు చేయించి, అవ్వ ఇంటి పాత టీవీలో వేశాడు. అంతా చూసి అవ్వ ఒక్కటే అడిగింది: "నా చెల్లెలు రాలేదా?" అప్పటి నుంచి చెల్లెలు జానకమ్మాళ్ ఫోను చేస్తే అవ్వ ఎత్తడం లేదు.

"చిన్నవ్వ మూడు దినాలూ మండపంలోనే ఉండింది మామా. లాప్‌టాప్‌లో చూపిస్తే అవ్వ నమ్మదు. 'దీంట్లో మీరు ఎవర్ని కావాలన్నా అతికిస్తారు, టీవీలో కనపడితేనే నిజము' అంటాది."

"అవ్వ గెట్టిది," అన్నాడు కోదండరామన్.

లాప్‌టాప్‌లో చూశాడు. జానకమ్మాళ్ పెద్ద గుంపు ఫోటోలోనూ, దాని తర్వాత చాలా వాటిలోనూ ఉంది, అన్నిట్లోనూ అంచునే, చేతిలో ఆరతి పళ్ళెంతో. పాత డిస్కును తన టీవీలో వేశాడు. ఆమె లేదు. పళ్ళెం అంచు మాత్రం ఒకచోట మెరిసింది.

ఆ టీవీ గాజు మీద నాలుగు వైపులా, అంచుకు రెండు వేళ్ళు ఎడంగా పసుపు టేపు అంటించి ఉంది. "పాత టీవీలు ఓరంలో ఉండేదాన్ని మింగేస్తాయి. ఒక్కోటి ఒక్కో మాదిరి. ఈ టేపుకు లోపల ఉంటేనే మనిషి వచ్చినట్టు," అన్నాడు వేలితో గీత వెంబడి చూపిస్తూ.

అంచున నిలబడేవాళ్ళు ఆయనకు కొత్త కాదు. ఈ పనిలో చేరిన కొత్తల్లో పెళ్ళిళ్ళలో లైటు పట్టుకుని వాళ్ళ పక్కనే నిలబడ్డాడు. తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత డిస్కులు. లెక్కలేనన్ని పెళ్ళిళ్ళు చూశాడు; ఆఖరు పంక్తిలో తిన్నాడు; ఏ ఫోటోలోనూ లేడు.

ఒక్కొక్క స్లైడునూ కొంచెం కుదించి టేపు లోపలికి తెచ్చాడు. తర్వాత సమయాలు చూసి కళ్ళద్దాలు పైకి నెట్టాడు. అన్నిటికీ నాలుగు సెకన్లే.

"టీవీలో ఎవరు నొక్కుతారు తంబీ? దాని పాటికి అది పోతుంటాది. అవ్వ ఒక్కొక్కరి పేరూ, ఊరూ, ఎవరి కోడలో అంతా చెప్పి ముగించల్ల. అప్పురమే తర్వాతి ఫోటో."

చారులతను అవ్వలాగా పేర్లు చదవమన్నాడు. ఆమె చదువుతుంటే గడియారం చూస్తూ సెకన్లు వేశాడు. చిన్నవ్వ ఉన్న పెద్ద ఫోటోకు నలభై.

"మాది?" అంది చారులత, తామిద్దరే ఉన్న ఫోటో చూపిస్తూ.

"ఆరు. మీకు ఆరు గంటలైనా చాలదు, అవ్వకు ఆరు సెకన్లు చాలు."

నరేన్ చెవులు ఎర్రబడ్డాయి.

యంత్రం ముసలిది. మొదటి డిస్కు ఎక్కడం దాదాపు ముగుస్తుండగా ఆగిపోయింది. రెండోది ఎక్కుతున్నంతసేపూ కోదండరామన్ దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు, జ్వరం చూస్తున్నట్టు. తన టీవీలో ఒకసారి వేసి చూసేసరికి నాలుగు కావస్తోంది. డిస్కు తీసి తానే చేతిలో పట్టుకుని లేచాడు. "అవ్వ ఇంటి టీవీలో చూసినాకే నా పని ముగిసేది."

చెల్లమ్మాళ్ తలగడలకు ఆనుకుని కూర్చుంది. తెల్లటి ముడి, ఖాళీ చెవులు, పదునైన చూపు. "మళ్ళీ అదేనా?" అంది.

"కొంచెం చూడక్కా," అన్నాడు కోదండరామన్ గోడ పక్కన నిలబడి.

బొమ్మలు కదిలాయి. అవ్వ పేర్లు చెప్పసాగింది. ఆమె ముగించాకే ప్రతి ఫోటో మారింది. పెద్ద ఫోటో వచ్చింది. అవ్వ ఆగింది. చారులత నరేన్ చెయ్యి పట్టుకుంది.

"ఆడ నిలిచుండేది జానకి కదా."

కోదండరామన్ చేతి గడియారం చూసుకున్నాడు.

"ఎప్పుడూ అట్లే, ఓరంగా నిలుస్తాది. నడిమికి రావే అంటే రాదు." అవ్వ ముందుకు వంగింది. "నా ఆకుపచ్చ పట్టుచీర కదా అది? రెండేళ్ళుగా వెతుకుతుండాను. దొంగముండ, నన్ను అడగనే లేదు. కట్టుకునేదే కట్టుకునింది, కుచ్చిళ్ళన్నా సరిగా పెట్టుకోరాదా? పావం, ఎట్ల చిక్కిపోయిందో చూడు."

అక్కడికి నలభై సెకన్లు ముగిశాయి. ఫోటో మారింది.

"ఫోను తాండి," అంది అవ్వ.

బస్సెక్కి కూర్చున్నాక చారులత కిటికీలోంచి తల బయట పెట్టింది. "మామా, చిన్నవ్వకు ఒక డిస్కు కావల్ల. మళ్ళీ వచ్చేటప్పుడు మీ దగ్గరే చేయించుకుంటాము."

"సరి తల్లీ. పోయి రండి," అన్నాడు కోదండరామన్.

స్టూడియోకు తిరిగి వచ్చి, కంప్యూటర్‌లో చెల్లమ్మాళ్ పేరున్న ఫోల్డరు చెరపకూడదని కాగితం మీద రాసి బల్లకు అంటించాడు. ముక్కాలిపీటను బల్ల కిందికి నెట్టి, తాళంచెవి ఆనంద్‌కుమార్ చేతికిచ్చి, టిఫిన్ క్యారియర్ తీసుకుని మెట్లు దిగాడు.

పొద్దున కొత్త యంత్రం దిగింది. పాత టీవీని పాతసామాన్లవాడి కోసం గుమ్మం పక్కన పెట్టారు. బస్టాండు, బస్సులు, పూలమ్మేవాళ్ళు, అందరూ దాని నల్లటి గాజులో కనిపిస్తున్నారు. చుట్టూ పసుపు టేపు, ఒక్క మూలా లేవకుండా.