శ్రావణి చుట్టిన మోటారు

మా తమ్ముడు తుల్సీరాంకు తిక్క లేసిందంటే దేవుడొచ్చి చెప్పినా ఇనడు. నాకూ గంతే తిక్క, ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్లం గద! అందుకే వాని బిడ్డ శ్రావణి కోసం వానితోని ఎప్పుడూ నేనే కొట్లాడుత.

పిల్ల కొత్తగూడెంల మోటార్ల వైండింగ్ కోర్సు నేర్సుకుంటుంది. కాలిన మోటారు ఇప్పి, పాత రాగి తీగ పీకేసి, కొత్తది చుట్టే పని. పొద్దుగాల కారేపల్లిల రైలెక్కి పోతది, మాపటికి తండాకొస్తది. "కోర్సు అయినంక సొంత దుకాణం పెడత అత్తా, ఎవల ముందట చెయ్యి చాప" అని ఓనాడు నాతోని అన్నది. మా తండాల ఆడపిల్ల నోట గిసొంటి మాట ఇనుడు నాకు అదే మొదలు. కడుపు నిండింది అనుకో.

మిరప కాపు మీదున్నప్పుడే కరెంటు ఎక్కువ తక్కువై తుల్సీరాం బాయికాడి మోటారు కాలింది. మోటార్లు బాగుచేసే దుకాణపాయన వారం దాకా కుదరదన్నడు. ఇగ చేను చూస్తే ఆకులు వాడి తలకాయలు వాలుస్తున్నయి.

"నేను చుడత నాయినా" అన్నది శ్రావణి.

"చుట్టు. నీళ్లొస్తే కోర్సు చేసుకో. రాలేదా, ఇగ నీకు రైలు లేదు. మిరపకాయలేరుడే" అన్నడు తుల్సీరాం.

"ఏందిరా? కన్నబిడ్డతోని పందెమా? సిగ్గులేదా నీకు?" అని నేను మీదికి లేచిన.

"ఊకో అత్తా. నాకు ఒప్పుదలే" అన్నది పిల్ల.

కారేపల్లి పోయి రాగి తీగ తెచ్చుకొని అరుగు మీద కూసుంది. తీగ కోసుకొని వేళ్లకు నెత్తురొస్తున్నా లేవలే. లెక్క తప్పకుండ పెదవులు కదుపుకుంట చుట్టవట్టింది. "జరంత బువ్వ తినవే" అంటే కసిరింది. నన్ను! ఈ జంపక్కను కసిరే ధైర్యం తండాల ఎవలకున్నది? నాకు కోపం రాలే, ముచ్చటేసింది.

మోటారు బాయికాడ బిగించేనాడు పక్కచేను హాతీరాం తమాషా చూడనీకొచ్చి పైపు ముందట నిలవడ్డడు. తుల్సీరాం స్విచ్చేసిండు. మోటారైతే గుయ్యిమని తిరిగింది. నీళ్లు మాత్రం సన్నటి ధారే.

"ఓయబ్బో, పసిపోరడు ఉచ్చ పోసినట్టున్నయి!" అని హాతీరాం పగలవడి నవ్విండు.

"నీ నోట్లె మన్నువడ" అని వాన్ని తిట్టి, తుల్సీరాం మొకం దిక్కు చూసిన.

తుల్సీరాం మోటారు బంద్ చేసిండు. "అయిపోయింది. ఇంటికి నడువు బిడ్డా" అన్నడు.

శ్రావణి కదల్లే, ఏడ్వలే. గొంతు కూసోని మోటారెనక ఫ్యాను మెల్లగ ఆగేదాక దాన్నే చూసింది.

"వైండింగ్ మంచిగనే ఉంది నాయినా. ఉల్టా తిరుగుతుంది, అంతే."

మెయిన్ తీసేసింది. మోటారు మీది డబ్బా ఇప్పి, మూడు వైర్లల రెండిటిని అటుదిటు మార్చి బిగించింది. మళ్ల మెయిన్ పెట్టి, "ఇప్పుడెయ్యి" అన్నది.

ఏసిండు. నీళ్లు ఒక్క దూకు దూకి హాతీరాంను నెత్తి నుంచి కాళ్ల దాక తడిపినయి! నేను నవ్వుకుంటనే ఏడ్సిన. తుల్సీరాం కాలువల దిగి, పాదాల మీంచి నీళ్లు పారుతుంటే చూసుకుంట నిలవడ్డడు. పిల్ల నల్లగైన చేతులు ఆ నీళ్లలనే కడుక్కుంది.

మాపటికి హాతీరాం లుంగీ మార్చుకొని, ఎప్పటి సందో మూలకు పడున్న మోటారును బండికి కట్టుకొని తుల్సీరాం ఇంటికొచ్చిండు. నేనూ ఆన్నే ఉన్న.

"బిడ్డా, రేపు దీన్ని గూడ జర చూడరాదు" అన్నడు.

శ్రావణి నోరు తెరవకముందే తుల్సీరాం మంచం మీంచి లేచిండు.

"రేపెట్ల కుదురుతదయ్యా? రేపు నా బిడ్డకు రైలుంది. ఆదివారం రా, పో!"