భుజం మార్చుకునేంతసేపు

ఉదయం పదింటికి చైతన్యకృష్ణ ఫోన్ చేశాడు.

"ఒరేయ్ అయూబూ, తోమా అన్న పోయాడ్రా. తెల్లవారుజామున గుండెపోటు. సాయంత్రం నాలుగింటికి పెట్టె లేపుతారంట."

నా చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది. బల్ల మీద విప్పి పడేసిన యాంప్లిఫయర్ ఉంది. గుంటూరులో మైకుసెట్లు బాగుచేసే షాపు నాది.

"జక్రయ్య ఎలా ఉన్నాడు?" అన్నాను.

"అదే చెప్తన్నా. డ్రమ్ము ముట్టనంటన్నాడంట. వాళ్ళావిడ రెబెకా ఏడుస్తా ఫోన్ చేసింది. ఊళ్ళో ఎవడు చచ్చినా వాయించేవాడు సొంత అన్నకి వాయించనంటే ఎట్టా అని. నేను ఒంగోల్లో బయల్దేరా. నువ్వూ రా. నీ మాటైతే వింటాడు."

అవును. నా మాట వింటాడు. పదేళ్ళ క్రితం విన్నాడు. విన్నాడు కాబట్టే అన్నతో మాట్లాడటం మానేశాడు.

ఐరన్ ప్లగ్ పీకేశాను. బల్ల కింది సొరుగు తాళం తీశాను. పాత ట్రాన్స్‌ఫార్మర్ల అడుగున ఒక ప్లాస్టిక్ కవరు. అందులో నీలం అట్ట పాస్‌పోర్టు. ఫొటోలో జక్రయ్య, కొత్త చొక్కాలో, బిగుసుకుపోయి.

గడువు తేదీ చూశాను. ఇంకా పదకొండు రోజులుంది.

కవరు జేబులో పెట్టుకుని కారు తీశాను. గుంటూరు నుంచి దర్శికి మూడు గంటలు. నాలుగు లోపు వెళ్ళాలి. వెళ్ళి ఒక్క మాట చెప్పాలి. పదేళ్ళలో కొన్ని వందలసార్లు చెబుదామనుకుని మింగేసిన మాట.

*

తడిరేగడి అనే పేరు మీరు విని ఉండరు. మన జిల్లాలో ఎవరూ వినలేదు. పోలండులో విన్నారు, చిలీలో విన్నారు. అది మా బ్యాండు. మేం వాయించేది డూమ్ మెటల్. గిటారు తీగలు బాగా వదులు చేసి, చాలా నెమ్మదిగా, గుండె మీద బండ పెట్టినట్టు వాయించే సంగీతం.

2010లో మొదలుపెట్టినప్పుడు ఇద్దరమే. నేను గిటారు. చైతన్యకృష్ణ బేసు గిటారు, పాట. గుంటూరులో మా మామయ్య కాపలా ఉన్న, మూతపడ్డ పత్తి జిన్నింగ్ మిల్లులో సాధన చేసేవాళ్ళం. యాంపులు నేనే తయారుచేశాను. పాత మైకుసెట్ల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి తీగ మీటితే రేకుల కప్పు మీద దూది దుమ్ము రాలేది.

జక్రయ్య అక్కడికి మైకు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. దర్శి పక్కన పేట. పెళ్ళికీ చావుకీ వాయించే బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము అతనిది. గుమ్మంలో నిలబడి మా పాట మొత్తం విన్నాడు.

"ఏంది, ఇది చావు మేళంలా ఉందే," అన్నాడు.

"అట్టాంటిదేలే," అన్నాడు చైతన్య.

"మరి మోసేవాళ్ళకి ఊపిరాడనివ్వరేంటి?"

మాకర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. వాళ్ళ పేట నుంచి సమాధుల తోటకి దారి చాలా దూరం. పెట్టెని ఆరుగురు మోస్తారు. మలుపు వచ్చినప్పుడల్లా డ్రమ్ము ఆగుతుంది. ఆగినప్పుడు మోసేవాళ్ళు భుజం మార్చుకుంటారు. డ్రమ్ము మళ్ళీ మోగేదాకా ఎవరూ అడుగు వెయ్యకూడదు.

"ఎంతసేపు ఆపుతావ్? లెక్కేంటి?" అన్నాను.

"లెక్కపెట్టను. చూస్తా. ఆరు భుజాల మీదా బరువు కుదిరిందా లేదా చూస్తా. కుదిరాక కొడతా."

ఆరోజే మాతో వాయించాడు. పాట మధ్యలో ఆపేశాడు. నా గిటారు మోత కప్పుకి తగిలి, తగ్గి, ఆగిపోయింది. ఇంక కొట్టడేమో అనుకున్నాను. నా ఒళ్ళు జలదరించాక కొట్టాడు. మా పాట పాటయింది ఆ క్షణంలోనే.

2012లో ఆ మిల్లులోనే ఒక్క మైకుతో నాలుగు పాటలు రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టాం. ఏడాది పాటు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎవరో ఒకరు విన్నారు, ఇంకొకరికి పంపారు. ఆ నిశ్శబ్దానికి వాళ్ళు గుంటూరు గ్యాప్ అని పేరు పెట్టారు. స్టాప్‌వాచీలు పెట్టుకుని కొలిచారు. ఏ రెండుసార్లూ ఒకేలా లేదని వ్యాసాలు రాశారు. ఇవాళ ఆ గ్యాప్ వాయించే బ్యాండ్లు పదిహేను దేశాల్లో ఉన్నాయి. అది ఎవరిదో వాళ్ళెవరికీ తెలియదు.

తెలియకుండా చేసింది నేను.

*

చిలకలూరిపేట దాటాక ట్రాఫిక్ ఆగిపోయింది. టిక్కీ బస్తాలు కుక్కిన మిరప లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఒరిగింది. ఘాటుకి కళ్ళు మండాయి. గంటన్నరగా కదల్లేదు. టైము ఒంటిగంట. ఇంటికి తిరిగి వెళ్ళిపోవడానికి మంచి సాకు దొరికిందని నాలో ఒకడు సంతోషించాడు. వాణ్ణి నేను పదేళ్ళుగా ఎరుగుదును.

2015లో జర్మనీ నుంచి పిలుపొచ్చింది. పెద్ద ఉత్సవంలో కచేరీ, ఆ తర్వాత అక్కడే స్టూడియోలో ఆల్బమ్. ముగ్గురికీ పాస్‌పోర్టులు పెట్టాం. పత్రాల పని నాది. జక్రయ్య అప్పటికి ఏడాదిగా గుంటూరులో మా మేడమీద గదిలోనే ఉంటున్నాడు కాబట్టి అతని చిరునామా మా ఇల్లు, ఫోన్ నంబరు నాది.

ఈలోగా అక్కడి రికార్డింగ్ పెద్దమనిషి ఒక షరతు పెట్టాడు. డ్రమ్మరు చెవిలో టక్కుటక్కుమనే గడియారం లాంటి చప్పుడు పెట్టుకుని, దాని లెక్కకే కొట్టాలి. మిల్లులో మూడు రోజులు ప్రయత్నించాం. మూడో రోజు జక్రయ్య హెడ్‌ఫోన్లు తీసి నా ఒళ్ళో పడేశాడు.

"వీడెవడ్రా చెవిలో? వీడికి పెట్టె కనపడుద్దా, మోసేవాళ్ళు కనపడతారా?"

నవ్వాం. ఆ రికార్డింగ్ పంపాను. జవాబు నా ఒక్కడికే వచ్చింది. మీరిద్దరూ రండి, డ్రమ్మరు ఇక్కడున్నాడు, కాదంటే ఈ ఏడాదికి వదిలేయండి.

ఆ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. నాలుగు రోజుల తర్వాత స్పీడుపోస్టులో జక్రయ్య పాస్‌పోర్టు వచ్చింది. అతను ఇంట్లో లేడు. అందరం ఒక ఇంటివాళ్ళమేనని పోస్ట్‌మ్యాన్‌కి తెలుసు. నా సంతకం తీసుకుని ఇచ్చేశాడు.

సాయంత్రం జక్రయ్య అడిగాడు. "ఏరా, నాది వచ్చిందా?"

నిన్ను వద్దన్నారురా అని మొహం మీద చెప్పాలి. లేదా నువ్వు లేకపోతే మేమూ వెళ్ళం అనాలి. రెండూ అనలేకపోయాను.

"రాలేదురా. పోలీసు ఎంక్వైరీలో ఆగింది."

నేను ఆడిన అబద్ధం అంతే. మిగతాది అతనే పూర్తిచేశాడు.

"తోమా గాడి కేసు," అన్నాడు.

అంతకు నాలుగేళ్ళ ముందు ఒక ఊరేగింపులో తోమా ఎవరితోనో కొట్లాటకి దిగాడు. విడదీయబోయిన జక్రయ్య పేరు కూడా కేసులో ఎక్కింది. తర్వాత కొట్టేశారు. అయినా పేరు ఎక్కింది కదా.

నేను కాదనలేదు. అవుననీ అనలేదు.

చైతన్య మళ్ళీ దరఖాస్తు పెడదామన్నాడు. ఆ స్టేషన్ గడప మళ్ళీ తొక్కనని జక్రయ్య మూట సర్దుకుని ఊరెళ్ళిపోయాడు. మేమిద్దరం జర్మనీ వెళ్ళాం. అక్కడి డ్రమ్మరు మంచివాడు. గ్యాప్‌లో సరిగ్గా నాలుగు లెక్కపెట్టి కొట్టేవాడు. ఆ ఆల్బమ్‌తోనే పేరొచ్చింది. తర్వాత ఇంకో రెండు చేశాం. ప్రతి ఇంటర్వ్యూలో ఆ గ్యాప్ గురించి అడిగేవాళ్ళు. అది మా ప్రాంతపు పద్ధతి అనేవాణ్ణి. మనిషి పేరు చెప్పేవాణ్ణి కాదు. చెబితే, అతనేడీ అని అడుగుతారు.

2021లో ఆపేశాం. వేళ్ళు బాగానే ఉన్నాయి, చెవులూ బాగానే ఉన్నాయి. గ్యాప్ వచ్చిన ప్రతిసారీ నాకు ఆ సొరుగు గుర్తొచ్చేది. వాయించలేకపోయాను.

*

పేటకి చేరేసరికి మూడుంబావు.

తోమా ఇల్లు, జక్రయ్య ఇల్లు ఒకే గోడకి అటూ ఇటూ. తోమా వాకిట్లో టెంటు వేశారు. పెట్టె చుట్టూ ఆడవాళ్ళు. మేళంవాళ్ళు బాకాలు పట్టుకుని ఎటూ తోచక నిలబడ్డారు. జక్రయ్య గోడకి ఇవతల, తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. పెద్ద డ్రమ్ము పక్కనే బోర్లా పడి ఉంది.

చైతన్య అప్పటికే అక్కడ బతిమాలుతున్నాడు. రెబెకా నన్ను చూసి ఎదురొచ్చింది.

"అయూబన్నా, నువ్వన్నా చెప్పు. పదేళ్ళు ఆ మనిషి రోజూ ఈ గుమ్మం ముందాగి 'ఏరా జక్కీ' అని పిలిచి పోయేవాడు. ఈయన ఒక్కనాడు పలకలా. మొన్న కూడా నాతో అన్నాడు, నా వల్లే వాడి బతుకు ఈ డ్రమ్ములో ఇరుక్కుపోయిందమ్మా అని."

జేబులో కవరు తడుముకున్నాను.

"వచ్చావా?" అన్నాడు జక్రయ్య. "నిన్ను కూడా పిలిపించారా? చావు ఎవరిదైనా వాయిస్తా. వీడికి వాయించను. వాడికి తెలుసు ఎందుకో."

"వాడికి తెలియదు," అన్నాను.

"ఏంటి?"

కవరు తీసి అతని చేతిలో పెట్టాను. "ఇది వచ్చిందిరా. అప్పుడే వచ్చింది. పోలీసులు ఆపలేదు. తోమా కేసుకీ దీనికీ సంబంధం లేదు. నేనే దాచాను."

జక్రయ్య పాస్‌పోర్టు తెరిచాడు. తన ఫొటో చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక్కో పేజీ తిప్పాడు. అన్నీ ఖాళీ.

"ఎందుకు?" అన్నాడు.

"వాళ్ళు నిన్ను వద్దన్నారు. ఆ మాట నీకు చెప్పలేకపోయా. వెళ్ళకుండా ఉండనూ లేకపోయా."

"పదేళ్ళు నాక్కూడా చెప్పలేదేంట్రా?" అన్నాడు చైతన్య. "నేను ఆ స్టేజీల మీద నీ పక్కన నిలబడ్డానురా!"

రెబెకా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"దీనికి ఇంకా టైముందా?" అన్నాడు జక్రయ్య, తేదీ వేలితో వెతుకుతూ.

"పదకొండు రోజులు."

"మా అన్నకి?"

పాస్‌పోర్టు మూసేశాడు.

"వద్దన్నారని చెప్తే తిట్టుకుని ఊరుకునేవాణ్ణిరా. మహా అయితే రెండు నెలలు తాగేవాణ్ణి. వాడు గుమ్మంలో నిలబడి పిలుస్తా ఉంటే లోపల కూర్చుని అన్నం తినేవాణ్ణి. రోజూ. ఇనపడనట్టు."

పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లేచి, డ్రమ్ము పట్టీ మెడలో వేసుకున్నాడు. గోడ పక్కనుంచి తోమా వాకిట్లోకి నడిచాడు. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. పెట్టె దగ్గర వంగి ఏదో అన్నాడు. మాకెవరికీ వినపడలేదు.

తర్వాత నావైపు తిరిగాడు. "నువ్వు మొయ్యి."

*

సరిగ్గా నాలుగింటికి పెట్టె లేచింది. ముందు వరసలో చైతన్య, వెనక ఎడమ పక్క నేను. మిగతా నలుగురూ పేటవాళ్ళు, నాకంటే పొడగరులు. పాస్టరుగారు ముందు నడిచారు. డ్రమ్ము ఒక్కొక్క దెబ్బకీ ఒక్కొక్క అడుగు. ఆ దెబ్బ నేను పదేళ్ళ తర్వాత వింటున్నాను. ఏ దేశంలో ఏ బ్యాండూ దాన్ని పట్టుకోలేకపోయింది.

రోడ్డు దిగి కల్లాల దగ్గర మొదటి మలుపు. కనుచూపుమేర మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

డ్రమ్ము ఆగింది.

ఆరుగురం పెట్టె కిందనుంచి వంగి, భుజం మార్చుకుని లేచాం. ఘాటుకి ఎవరో దగ్గారు. తర్వాత అదీ ఆగింది.

జక్రయ్య పెట్టెకి ఎదురుగా తిరిగి నిలబడ్డాడు. ఒక్కొక్కరి భుజం చూసుకుంటూ వచ్చాడు. చైతన్యని చూశాడు. పేటవాళ్ళని చూశాడు. నా దగ్గర చూపు ఆగిపోయింది. కర్ర లేవలేదు.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. నాలుగు. ఎనిమిది. పదహారు. ముప్ఫై దాటాక లెక్క తప్పింది. వీపు మీద చెమట కారింది.

"కొట్టవేంట్రా?" అన్నారెవరో. పాస్టరుగారు వెనక్కి తిరిగి చూశారు.

జక్రయ్య గట్టిగా అరవలేదు. మామూలుగానే అన్నాడు.

"అయూబూ, చెయ్యి తియ్యి."

అప్పుడు చూసుకున్నాను. నా అరచెయ్యి పెట్టె అంచు పట్టుకుని ఉంది. భుజం మాత్రం పెట్టెకి అంగుళం కింద ఉంది. దారిన పోయేవాడికి నేను మోస్తున్నట్టే కనపడుతుంది. నా వాటా బరువు మిగతా అయిదుగురి మీద ఉంది. కావాలని చేయలేదు. ఒట్టు, కావాలని చేయలేదు.

చెయ్యి తీసేశాను. మోకాళ్ళు బిగించి మునివేళ్ళ మీద లేచాను. చెక్క వచ్చి నా భుజం ఎముక మీద కూర్చుంది. తోమా బరువు మనిషి.

జక్రయ్య ఇంకా చూస్తున్నాడు. నా కాళ్ళు వణికి, సర్దుకుని, ఆగేదాకా చూశాడు.

అప్పుడు కొట్టాడు.

అడుగు వేశాను. సమాధుల తోటకి ఇంకా నాలుగు మలుపులున్నాయి.