ఎత్తు చేసిన బస్తీ

మట్టి లారీ బస్తీ మలుపు తిరగగానే గురవమ్మ చెంబుతో ఎదురువెళ్లి చక్రాల మీద పసుపునీళ్లు చల్లింది. బీహారు డ్రైవరు నవ్వాపుకోలేక హారను కొట్టాడు.

"ఒలే, లారీకి పెళ్లి సేస్తన్నావేటి?" అన్నాడు ఆమె భర్త కోదండం.

"సెయ్యనా మరి? ఈ యేడు మంచం మీద పొయ్యెట్టుకోనక్కర్నేదు."

గురవమ్మ కలకత్తా కార్పొరేషన్‌లో వీధులు ఊడుస్తుంది. కోదండం కాలువలు బాగుచేస్తాడు. నగరం మురుగంతా ఎత్తే ఈ మనుషుల బస్తీలోనే ఏటా వానలకు మోకాలిలోతు మురుగు నిలిచేది. పల్లం పూడ్పించమని ఎర్రజెండాల వెనక ఎన్ని ఊరేగింపులు నడిచారో వాళ్లకే గుర్తు లేదు. చివరికి పార్టీ ఆఫీసు పెద్ద బిమల్ దా, అంటే బిమల్ అన్న, మాట నిలబెట్టుకున్నాడు. పక్కనే మూతబడిన బ్యాటరీల ఫ్యాక్టరీ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. అక్కడ తవ్వి పారేస్తున్న పైమట్టిని బస్తీకి ఉచితంగా ఇప్పించాడు.

ఆ మట్టిని ఎందుకు తవ్వి పారేస్తున్నారని ఒక్కరూ అడగలేదు.

శ్రీకాకుళం వదిలి రెండు తరాలైనా, కొత్తమట్టి కనబడితే మన ఆడవాళ్ల చేతులు ఊరుకోవు. వీధికి పోయగా మిగిలినదాన్ని ఇళ్లలోకి మోసుకున్నారు. జల్లెడ పట్టి, పేడ కలిపి, నేలలు అలికారు. పొయ్యిలు వేసుకున్నారు. గురవమ్మ గుమ్మం పక్కన నున్నటి అరుగు కూడా వేసింది. మనవరాలు వేదవతి పాకడం నేర్చింది ఆ అరుగు మీదే.

"అత్తా, ఈ గుంటని సూడు, మట్టి తింతన్నాది," అంది కోడలు సింహాచలమ్మ.

"తిననీవే. నీ మొగుడు తిననేదేటి? మా గోడల సున్నమంతా ఆడి కడుపులోనే ఉన్నాది!"

వానలొచ్చాయి. వీధిలో నీరు నిలవలేదు. బిమల్ దాకు బస్తీవాళ్లు పూలదండ వేశారు. కానీ నడవాల్సిన వయసులో వేదవతి నడవలేదు. వచ్చిన నాలుగు మాటలూ మరిచిపోయింది. కడుపునొప్పితో మెలికలు తిరిగేది. ఒకరోజు ఫిట్స్ వస్తే పెద్దాసుపత్రికి పరుగెత్తారు.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, ఇంటి చుట్టూ ఏముందో అడిగింది. బ్యాటరీల ఫ్యాక్టరీ మట్టి మాట వినగానే ఆమె కలం ఆగింది.

"పిల్ల ఒంట్లో సీసం ఉంది, బ్యాటరీల్లో వాడే విషం. మందిస్తాను. కానీ ముందు ఆ మట్టికి దూరంగా తీసుకెళ్లండి. లేకపోతే మందు పనిచెయ్యదు."

"ఎక్కడికి తల్లీ?" అని బెంగాలీలో అడిగింది గురవమ్మ.

డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. తరవాతి పేషెంటును పిలిచింది.

కోదండం పార్టీ ఆఫీసుకు వెళ్లాడు. "దాదా, ఆ మట్టి ఎత్తించెయ్యండి."

బిమల్ దా చెడ్డవాడు కాడు. కోదండాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎత్తిస్తే వానకు మళ్లీ మునుగుతారు. అయినా ఎత్తిస్తాననుకో. ఎక్కడ పోయించమంటావు, ఏ బస్తీలో?"

కోదండం లేచి ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చేసరికి గురవమ్మ గునపంతో అరుగు పగలగొట్టేసింది. పెళ్లలన్నీ తట్టకెత్తి నడుమున పెట్టుకుని వీధిలో నిలబడింది. ఇంత నగరం చెత్తను పారబోసిన మనిషికి ఆ ఒక్క తట్ట ఎక్కడ పొయ్యాలో తోచలేదు. కాళ్ల కింద వీధంతా అదే మట్టి.

"ఎక్కడ పొయ్యనయ్యా?"

"ఎక్కడ పోసినా ఒకలి గుమ్మవేనే," అన్నాడు కోదండం. లోపల వేదవతి ఏడుస్తూనే ఉంది.

అయ్యలారా, అమ్మలారా! పాడైన నేలను బాగుచేసి ఇళ్లు కట్టడం మంచిదే. కానీ ఇల్లు కొన్నవాడి కిటికీ కింద నుంచి తీసిన విషాన్ని లేనివాడి పిల్ల నోట్లో పోస్తే, ఊరు బాగుపడినట్టు కాదు.